పట్టుదారం, ఊలు, పూసలు: ఎడిన్‌బరా చలికాలంలో మా ఇంటి అల్లికలు

నమస్తే అండీ, ఎడిన్‌బరా నుంచి. డిసెంబర్ మూడో వారంలో ఉన్నాం. ఇక్కడ ఇప్పుడు పొద్దున 8:40 అయితేగానీ సూర్యుడు రాడు, సాయంత్రం 3:40కల్లా వెళ్ళిపోతాడు. మా అమ్మాయి బడి నుంచి వచ్చేసరికే వీధి దీపాలు వెలుగుతుంటాయి. మన ఊళ్ళ నుంచి కొత్తగా వచ్చినవాళ్ళు చాలామంది ఈ చీకటికి దిగులు పడిపోతారు, ఆ సంగతి నాకు బాగా తెలుసు. నాకు మాత్రం ఇవి ఏడాదంతా ఎదురుచూసే నెలలు. చేతిపనికి ఇంతకంటే మంచి కాలం లేదు.

అందుకని ఈసారి వీడియోలో వంట లేదు, షాపింగ్ లేదు. ఇప్పుడు నా చేతిలో ఏమేం నడుస్తున్నాయో దగ్గరగా చూపిస్తాను. టీ తెచ్చుకుని కూర్చోండి.

ముందు ఈ చీర. మా ఆడపడుచు గారి అమ్మాయి పెళ్ళి మాఘంలో. ఆ పెళ్ళికి కట్టుకునే గద్వాల చీర ఇది. ఆకుపచ్చ నూలు ఒంటికి పసుపు పట్టు కొంగు. దీనికి క్రోషేతో కుచ్చులు వేస్తున్నాను. ఊళ్ళో అయితే ఏ బ్లౌజులు కుట్టే షాపుకి ఇచ్చినా వేసి ఇస్తారు. ఇక్కడ ఎవరిస్తారు చెప్పండి, మనమే వేసుకోవాలి. నిజానికి అదే మంచిదయింది.

కెమెరా కొంచెం దగ్గరకి పెడుతున్నాను. కొంగు చివర పోగులు ఊడకుండా ముందు సన్నగా రెండు మడతలు పెట్టి చేత్తో కుట్టేశాను. ఇప్పుడు ఈ కొక్కెం ఉన్న లేసు సూదిని మడతలో గుచ్చాలి, వెనక నుంచి పట్టుదారాన్ని పట్టుకుని పైకి లాగాలి. వచ్చిన ఉచ్చులోంచే మళ్ళీ దారం లాగుతూ ఐదారు గొలుసు కుట్లు వేశాక, ఇదిగో, ఈ పూసని దారం మీద పైకి జరిపి, దాని వెనకాలే ఒక కుట్టుతో బిగిస్తాం. పూస ఇక కదలదు. అక్కడి నుంచి అర అంగుళం దూరంలో మళ్ళీ గుచ్చడం. కొంగు వెడల్పు 46 అంగుళాలు ఉందనుకోండి, ఈ లెక్కన 90కి పైగా చోట్ల గుచ్చాలి. పూసలన్నీ మొదట్లోనే దారానికి ఎక్కించుకోవాలి, అల్లడం మొదలయ్యాక మధ్యలో ఎక్కించడానికి వీలుండదు. కాబట్టి లెక్క ముందే వేసుకుని, ఒక నాలుగైదు ఎక్కువ ఎక్కించండి.

పూసల గురించి ఒక మాట. ముత్యాల్లా మెరిసే ప్లాస్టిక్ పూసలు చవకే, కానీ ఇస్త్రీ పెట్టె పొరపాటున తగిలిందా, అంతే సంగతులు. గాజు పూసలు వాడండి. బరువు ఎక్కువ అంటారు కానీ ఆ బరువు వల్లే కొంగు చక్కగా జారి నిలుస్తుంది. వీడియో కాల్‌లో అమ్మ ఈ పని చూసి ఒకటే మాట అంది: "అంత బిగించి లాగకే, బట్ట ముడుచుకుపోతుంది." ఆ మాట చెప్పే అర్హత అమ్మకి పూర్తిగా ఉంది.

మాది పాలకొల్లు పక్కన చిన్న ఊరు. నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల పల్లెల్లో పుట్టినవాళ్ళకి లేసు అంటే కొత్తగా చెప్పక్కర్లేదు. మధ్యాహ్నం భోజనాలై, గిన్నెలు తోముకున్నాక ఆడవాళ్ళందరూ అరుగుల మీదకి చేరేవారు. ఒళ్ళో తెల్లటి దారపు ఉండ, చేతిలో సూది. మాటలు మాటలే, చెయ్యి చెయ్యే. కళ్ళు పక్కింటావిడ మీద ఉన్నా వేళ్ళు కుట్టు తప్పేవి కావు. కొందరు పువ్వులు మాత్రమే అల్లేవారు. ఆ పువ్వులన్నిటినీ కలిపి బల్ల మీద గుడ్డగానో దుప్పటిగానో చేసే అతుకు పని వేరేవాళ్ళది. అమ్మ అతుకు పనిలో దిట్ట. ఎక్కడ అతికిందో వెతికినా కనపడదు.

ఈ విద్య గోదావరి జిల్లాలకి 19వ శతాబ్దంలో వచ్చింది. క్రైస్తవ మిషనరీ కుటుంబాల్లోని మహిళలు మన ఆడవాళ్ళకి నేర్పారు. నేర్పినవాళ్ళు వెళ్ళిపోయారు, పని మాత్రం మన పల్లెల్లో పాతుకుపోయి, యూరప్, అమెరికా ఇళ్ళ బల్లల మీదకి చేరింది. 2024లో నరసాపురం క్రోషే లేసుకి జీఐ గుర్తింపు, అంటే ఇది ఫలానా ప్రాంతానికే చెందినదని చెప్పే అధికారిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ వార్త చదివి నేను ఎంత సంబరపడ్డానో! ఇంకో సంగతి, స్వెట్టర్లు అల్లడానికి మిషన్లు వచ్చి చాలా కాలమైంది. క్రోషే అలా కాదు, ఇప్పటికీ చేత్తోనే అల్లాలి. షాపులో ఎక్కడైనా అసలైన క్రోషే గుడ్డ కనపడిందంటే, దాని వెనక ఎవరో ఒక మనిషి చేతులు తప్పకుండా ఉన్నాయి.

సరే, ఇక ఊలు సంగతికి వద్దాం. రెండు పుల్లలతో అల్లడం నేను ఇక్కడికి వచ్చాకే నేర్చుకున్నాను. మా పేటలోని లైబ్రరీలో వారానికోసారి అల్లికల గుంపు కలుస్తుంది. ఎవరైనా వెళ్ళొచ్చు, డబ్బులు కట్టక్కర్లేదు. ఎక్కువమంది డెబ్భై దాటిన పెద్దావిడలు. వాళ్ళు అల్లేవి ఏమిటో తెలుసా? నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకి బుల్లి టోపీలు. మతిమరుపు జబ్బు ఉన్న పెద్దవాళ్ళు వేళ్ళు ఊరికే ఉంచలేక అల్లాడిపోతుంటే, పట్టుకుని తడుముకోవడానికి గుండీలు, రిబ్బన్లు, పూసలు కుట్టిన ఊలు తొడుగులు. రెండోది మొదటిసారి చూసినప్పుడు నా గొంతు పట్టేసింది. మన ఊళ్ళలో కూడా ఇవి చేస్తే ఎంత బాగుంటుంది! మన దగ్గర అల్లడం తెలిసిన చేతులకి కొదవ లేదు.

ఆ గుంపులో షెట్‌లాండ్ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఉంది. షెట్‌లాండ్ అంటే స్కాట్లాండ్‌కి ఉత్తరాన, సముద్రం మధ్యలో ఉన్న దీవులు. అల్లికల్లో ఆ దీవుల పేరు తెలియనివాళ్ళు ఇక్కడ ఉండరు. ఫెయిర్ ఐల్ డిజైను స్వెట్టర్లు అక్కడివే. ఒక్కో వరసలో రెండు రంగులు వాడతారు, అప్పటికి అవసరం లేని రంగు పోగు వెనకాల సాగుతూ పోతుంది. అంటే స్వెట్టర్ అంతా రెండు పొరలే కదా, అందుకే అంత వెచ్చన. అక్కడే ఉన్స్ట్ అనే దీవిలో అల్లే లేసు శాలువాలు ఇంకో అద్భుతం. నిండా కప్పుకునే శాలువా, కానీ మొత్తం పెళ్ళి ఉంగరంలోంచి లాగేయొచ్చు. మన అగ్గిపెట్టెలో పట్టే చీర గుర్తొచ్చింది నాకు.

1951లో ఆ దీవుల్లోనే పీట్ మట్టి (ఎండబెట్టి పొయ్యిలో కాల్చుకునే బురదనేల మట్టి) తవ్వుతుంటే ఒక మనిషి అవశేషాలు, అతని ఊలు బట్టలు బయటపడ్డాయి. 17వ శతాబ్దం చివరినాటివి అవి. అతని దగ్గర రంగు గీతలతో అల్లిన ఒక చిన్న డబ్బుల సంచి ఉంది, నాణేలు కూడా అందులోనే ఉన్నాయి. ఇప్పుడది ఎడిన్‌బరాలోనే నేషనల్ మ్యూజియం సేకరణలో ఉంది. దాదాపు రెండు వందల యాభై ఏళ్ళు బురదలో ఉన్నా, ఆ కుట్లు లెక్కపెట్టి మళ్ళీ అల్లగలిగేంత స్పష్టంగా ఉన్నాయి. ఆ సంచి ఫోటో నా ఫోన్‌లో ఎప్పుడూ ఉంటుంది.

ఆ పెద్దావిడ చెప్పిన ఇంకో సంగతి నన్ను చాలా రోజులు వదల్లేదు. ఒకప్పుడు షెట్‌లాండ్‌లో అల్లిన ఆడవాళ్ళకి వ్యాపారులు చేతికి డబ్బులు ఇచ్చేవారు కారట. శాలువా తీసుకుని టీ పొడి గానీ, బట్టలు గానీ ఇచ్చేవారు. పిండి కావాలన్నా, అద్దె కట్టాలన్నా చేతిలో నగదు లేక, ఆ టీ పొడినే ఇంకొకరికి ఇచ్చి మార్చుకునేవారట. ఇంటికొచ్చి చదివాను. దీని మీద ప్రభుత్వం వేసిన విచారణ సంఘం 1872లో నివేదిక కూడా ఇచ్చింది. చదువుతుంటే నాకు మా ఊరి అరుగులే కళ్ళ ముందు. ఏజెంటు దారం తూచి ఇవ్వడం, ముక్కల లెక్కన కూలి కట్టడం, పైన మారుబేరగాళ్ళు ఒకరి తర్వాత ఒకరు. "ఇంట్లో ఖాళీగా కూర్చుని చేసే పనే కదా" అనే మాట షెట్‌లాండ్‌లోనూ ఉంది, మా ఊళ్ళోనూ ఉంది. ఆ మాట అడ్డం పెట్టుకునే రెండు చోట్లా కూలి తగ్గించారు. గంటల తరబడి కళ్ళు, మెడ, వేళ్ళు అరగదీసుకునే పని ఖాళీ పని ఎలా అవుతుందండీ? నేను సరదాకి అల్లుతున్నాను, నిజమే. ఆ సరదా నాకు దొరికింది ఇంట్లో జీతం వస్తోంది కాబట్టి. అదే పని మీద ఇల్లు గడిచేవాళ్ళకి సరైన ధర దక్కాలి. ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు.

ఇప్పుడు అసలైనది చూపిస్తాను. ఇది షెట్‌లాండ్ పద్ధతిలో అల్లిన చిన్న శాలువా, అంచుల్లో పూసలు మెరుస్తున్నాయి చూడండి. ఈ పూసలు దారానికి ముందే ఎక్కించినవి కావు. అల్లుతూ అల్లుతూ, ఏ కుట్టు దగ్గర పూస కావాలో అక్కడ ఆగి, సన్న లేసు సూది మొనకి పూసని తగిలించాలి. పుల్ల మీదున్న ఆ ఒక్క కుట్టుని సూది కొక్కేనికి ఇచ్చి, పూసలోంచి ఇవతలకి లాగి, మళ్ళీ పుల్ల మీదకి ఎక్కించాలి. పూస కుట్టు మెడలో కూర్చుంటుంది. ఇక్కడ వాళ్ళు దీనికి ప్రత్యేకంగా సన్న సూదులు కొంటారు. నేను వాడుతున్నది అమ్మ ఇచ్చిన స్టీలు లేసు సూది. ఇది చూసి గుంపులో అందరూ ఒకరి చేతిలోంచి ఒకరు తీసుకుని చూశారు, ఎక్కడ దొరుకుతుందని అడిగారు. నరసాపురం అని గర్వంగా చెప్పాను.

పూసలు కొనేటప్పుడు సైజు చూసుకోండి. వీటిలో అంకె పెరిగేకొద్దీ పూస చిన్నది. 11వ నంబరు అంటే సుమారు 2 మిల్లీమీటర్లు, 6వ నంబరు అంటే సుమారు 4. శాలువాలకి 6 లేదా 8 సరిపోతుంది. సన్న గొలుసులకి, నల్లపూసలు గుచ్చుకోవడానికి 11 బాగుంటుంది. చెక్ దేశపు పూసలు కొంచెం హెచ్చుతగ్గులుగా ఉంటాయి, వాటిలో ఓ జీవం ఉంటుంది. జపాన్ పూసలు అన్నీ ఒకే కొలత. పూసల్ని వరసగా నేసే పనికి జపాన్‌వే తీసుకోండి, వరస వంకర పోదు. మా అమ్మాయి వాటితోనే గుమ్మానికి పూసల తోరణం మొదలుపెట్టింది. నేను చిన్నప్పుడు వైరు బుట్టలు అల్లేటప్పుడు అత్తయ్యలు నా పక్కన కూర్చున్నట్టే, నేను దాని పక్కన కూర్చుంటున్నాను. చెయ్యి పెట్టను. ముడి విప్పమని అడిగితే తప్ప ముట్టుకోను.

కొత్తగా ఊలు మొదలుపెట్టేవాళ్ళు లేత రంగు, మధ్యరకం మందం ఊలు, 4 మిల్లీమీటర్ల పుల్లలు కొనండి. నల్ల ఊలు జోలికి మొదట్లో పోవద్దు, సాయంత్రం లైటు కింద కుట్లు కనపడవు. యాక్రిలిక్ (కృత్రిమ ఊలు) చవక, మిషన్‌లో వేసి ఉతకొచ్చు, పసిపిల్లల బట్టలకి అదే నయం. శాలువాకి మాత్రం అసలు ఊలే కావాలి. ఎందుకో ఇప్పుడు చూడండి.

అల్లడం పూర్తయినప్పుడు లేసు శాలువా ముడుచుకుపోయి, నలిగి ఉంటుంది. చూసి చాలామంది నిరుత్సాహపడతారు. దీన్ని చల్లటి నీళ్ళలో అరగంట నానబెట్టాను. పిండకూడదు, తువాల్లో చుట్టి ఒత్తాలి అంతే. ఇప్పుడు నేల మీద రబ్బరు చాపలు పరిచి, మధ్య నుంచి మొదలుపెట్టి ఒక్కో మొననీ లాగి గుండుసూది గుచ్చుతున్నాను. ఇటు చూడండి, ఆకుల డిజైను ఎలా విచ్చుకుంటోందో! ఇంతసేపూ ముద్దలా ఉన్నదానిలో ఒక్కో చిల్లూ తెరుచుకుంటోంది. తడిగా ఉన్నప్పుడు ఏ ఆకారంలో లాగితే ఆరాక అలాగే నిలబడే గుణం అసలు ఊలుకి బాగా ఉంది. రాత్రంతా కదపకూడదు. మా ఆయనకి చెప్పాను, హాల్లోకి రావద్దని.

ఇంకో శుభవార్త చెప్పి ముగిస్తాను. లైబ్రరీ గుంపులో నా సూది చూశాక, అమ్మ అల్లిన బల్లగుడ్డ కూడా తీసుకెళ్ళి చూపించాను. తిరగేసి, వెనకవైపు చూసి, అతుకు ఎక్కడుందో కనుక్కోలేకపోయారు. అల్లేవాళ్ళకి అల్లేవాళ్ళ విలువ తెలుస్తుంది కదా. మాకూ కావాలన్నారు. అమ్మ మా వీధిలో ఆడవాళ్ళని కూర్చోబెట్టి ఎన్ని గంటలు పడుతుందో, ఎంత కావాలో వాళ్ళనే చెప్పమంది. మొదట చాలా తక్కువ చెప్పారట. "గంటల లెక్కన చెప్పండమ్మా, మొహమాటపడకండి" అని అమ్మ మళ్ళీ లెక్క కట్టించింది. ఆ ధరే నేను ఇక్కడ చెప్పాను. ఒక్కరూ బేరమాడలేదు. సగం డబ్బు ముందే పంపించేశాం. బల్లగుడ్డలు సంక్రాంతి తర్వాత బయలుదేరతాయి. పార్సెల్ రాగానే కెమెరా పెట్టి మీ ముందే విప్పుతాను, ఏ గుడ్డ ఎవరు అల్లారో వాళ్ళు ఒప్పుకుంటే వాళ్ళ మాటల్లోనే వినిపిస్తాను. ఉంటానండీ.