ఈలతో మాట్లాడే లోయలు

శ్రోతలకు నమస్కారం. ముందు ఒక ఈల సంగతి చెప్తాను, నడక సంగతి తర్వాత.

అట్లాంటిక్ సముద్రంలో, ఆఫ్రికా తీరానికి కాస్త అవతల, స్పెయిన్ దేశానికి చెందిన కెనరీ దీవులున్నాయి. వాటిలో లా గొమేరా అనేది చిన్న దీవి, దాదాపు గుండ్రంగా ఉంటుంది. నడిమధ్యన 1487 మీటర్ల ఎత్తున గరహొనాయ్ శిఖరం. అక్కడి నుంచి గొడుగు ఊచల్లా అన్ని వైపులా లోయలు సముద్రంలోకి దిగిపోతాయి.

లోయకి ఈ పక్క ఒక ఊరు, ఆ పక్క ఒక ఊరు. ఎదుటి ఊళ్లో ఆరేసిన బట్టల రంగులు కూడా తెలుస్తాయి. కానీ వెళ్లాలంటే దిగాలి, మళ్లీ ఎక్కాలి. ఒక పూట పోతుంది. మరి "నా మేక అటు వచ్చిందా?" అని అడగాలంటే పూటంతా నడుస్తారా? నడవరు. ఈల వేస్తారు.

అది పిలుపు ఈల కాదండీ, మాట్లాడే ఈల. దాన్ని సిల్బో అంటారు. స్పానిష్ మాటల్నే ఈలగా మార్చి పలుకుతారు. అయిదు అచ్చులకు రెండే స్థాయిలు, హల్లులకు నాలుగు రకాల ఈలలు. మిగతాది వినేవాడు సందర్భాన్ని బట్టి పట్టుకుంటాడు. కిలోమీటర్ల దూరం వినిపిస్తుంది. రోడ్లూ ఫోన్లూ వచ్చాక మూలపడబోతే, 1999 నుంచి బడిలో పిల్లలకు నేర్పుతున్నారు. 2009లో యునెస్కో గుర్తింపు వచ్చింది.

ఇమాదా అనే పల్లెలో ఒక పెద్దాయన్ని మా అమ్మాయి పేరు ఈల వేయమన్నాను. గిరిజ. ఆయన చూపుడువేలు మడిచి నోట్లో పెట్టుకుని, రెండో చెయ్యి బాకాలా అడ్డం పెట్టాడు. గి, రి రెండూ పైకి. జ కిందికి. ఆ పేరు లోయలోకి వెళ్లి, ఎదుటి కొండకి తగిలి, తిరిగొచ్చింది. నిజం చెప్పొద్దూ, నాకు ఒళ్లు జలదరించింది.

ఇక నడక. ఆ ఇమాదా నుంచే గ్వారిమియార్ లోయలోకి దిగి, మరో దారిన ఎక్కి మళ్లీ ఇమాదాకే చేరే చుట్టుబాట ఉంది. ఈ దీవిలో ఇలాంటివే నయమని నా అభిప్రాయం. పల్లెలకు బస్సులు తక్కువ. బయల్దేరిన చోటికే తిరిగొస్తే బస్సు టెన్షన్ ఉండదు. దారిలో రాతిగట్ల పొలాలు, ఖర్జూర చెట్లు. ఆ చెట్టు మన ఈతచెట్టుకి చుట్టమే. రాత్రిపూట రసం తీసి, కాచి, నల్లటి పాకం చేస్తారు. తాటిబెల్లం తిన్న నాలుకకి అది కొత్తేమీ కాదు.

మనకీ చుట్టు నడక తెలుసు. సింహాచలం గిరిప్రదక్షిణ 32 కిలోమీటర్లు. కానీ అక్కడ మనం కొండ కింద తిరుగుతాం. ఇక్కడ ఊరు పైన, లోయ కింద. ముందు దిగుడు, చివర ఎక్కుడు. మోసమంతా అక్కడే ఉంది. పొద్దున్న చల్లగా ఉంటుంది, కాళ్లు వాటంతట అవే దిగుతాయి, "ఇంతేనా" అనిపిస్తుంది. ఎక్కుడు మొదలయ్యేసరికి ఎండ నడినెత్తిన ఉంటుంది.

అందుకని ఈరోజు నేను చెప్పే పనికొచ్చే మాట ఒక్కటే. లోయ అడుగుకి చేరేసరికి మీ సీసాలో సగానికి పైగా నీళ్లు మిగలాలి. దిగుడులో దాహమేసినా గుక్కెడే తాగండి అనడం లేదు. బాగా తాగండి, కానీ రెండో సీసా మోసుకెళ్లండి. బరువని హోటల్లో వదిలేసి వెళ్లిన తెలివైనవాడు ఒకడున్నాడు, ఇప్పుడు మీతో మాట్లాడుతున్నాడు.

ఆ ఎక్కుడులో ప్రతి మలుపు దగ్గరా ఊరు కనిపిస్తుంది. కనిపిస్తుంది గానీ రాదు. ఇంకా మూడు మలుపులుండగా పైనుంచి ఈల వినిపించింది. ఆ పెద్దాయనే. ఏమన్నాడో నాకు అర్థం కాలేదు. ఒగరుస్తూ ఊళ్లోకి వచ్చేసరికి మొదటి ఇంటి పిట్టగోడ మీద నీళ్ల జగ్గు, పక్కనే గ్లాసు పెట్టి ఉన్నాయి.