మన తలనీలాలు, వాళ్ళ తలలు

అక్క: తిరుపతిలో నీకు గుండు చేయించిన రోజు గుర్తుందా?

చెల్లి: ఎందుకు గుర్తుండదు! ఇంటర్ పాసైతే ఇస్తానని అమ్మ మొక్కింది. మొక్కు అమ్మది, జుట్టు నాది.

అక్క: (నవ్వు) ఆ జుట్టు ఎటు పోయుంటుందంటావ్?

చెల్లి: టీటీడీ వాళ్ళు వేలం వేస్తారుగా. ఆ తర్వాత సంగతి నాకేం తెలుసు.

అక్క: విగ్గులకి పోతుంది. ఆఫ్రికాలో జొహాన్నెస్‌బర్గ్, లాగోస్ దుకాణాల్లో 'ఇండియన్ హెయిర్' అని అడిగి మరీ కొంటారు. అందులో నీది ఉందని చెప్పలేననుకో.

చెల్లి: ఉంటే మాత్రం నాకన్నా ముందే ఫారిన్ వెళ్ళిందన్నమాట!

అక్క: ఇవాళ్టి ముచ్చట అదే. జుట్టు లేక కొంటారా అక్కడి నల్ల ఆడవాళ్ళు? ఒత్తుగా, రింగులు రింగులుగా ఉంటుంది. అది బాగోలేదని చెప్పిందెవరు? దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష రోజుల్లో మనుషుల్ని జాతులుగా రాసుకునేవాళ్ళు, 1950 చట్టం. అనుమానమొస్తే జుట్టులోకి పెన్సిల్ దూర్చేవాళ్ళు. జారి పడితే తెల్లవాళ్ళ లెక్క, ఇరుక్కుంటే కాదు.

చెల్లి: పెన్సిల్‌తోనా?

అక్క: పెన్సిల్‌తోనే. ఒకే ఇంటి పిల్లల్ని వేర్వేరు జాతులుగా రాసిన సందర్భాలూ ఉన్నాయి. ఆ చట్టం 1991లో పోయింది. బుద్ధి పోవద్దూ! 2016 ఆగస్టులో ప్రిటోరియా గర్ల్స్ హైస్కూల్లో నల్ల పిల్లలు ఎదురుతిరిగారు, మా జుట్టు చిందరవందరగా ఉందంటున్నారు, సాపు చేసుకు రమ్మంటున్నారు అని. అందరికన్నా ముందు నిలబడిన పిల్లకి 13 ఏళ్ళు. చివరికి విద్యాశాఖే ఆ జుట్టు నిబంధనని పక్కన పెట్టించింది.

చెల్లి: సాపు చేయడమంటే మన స్ట్రెయిటెనింగేనా?

అక్క: రిలాక్సర్ అంటారు. కొన్నింట్లో ఉండేది కాస్టిక్ సోడా. సబ్బు తయారీలో వాడేదే! మాడు భగ్గుమంటుంది. ఇంకాసేపు ఓర్చుకుంటే ఇంకా నున్నగా వస్తుందని పళ్ళు బిగించి కూర్చుంటారు. కుదుళ్ళు పెరగ్గానే మళ్ళీ మొదలు.

చెల్లి: మన ఫెయిర్‌నెస్ క్రీముల గోలే. "పిల్ల చామనఛాయ, కానీ కళ గల మొహం." ఆ 'కానీ' పెళ్ళిచూపుల్లో ఎన్నిసార్లు విన్నానో.

అక్క: 2019లో దక్షిణాఫ్రికా నల్లమ్మాయి జోజిబిని టుంజి పొట్టి జుట్టుతో, విగ్గూ గిగ్గూ లేకుండా మిస్ యూనివర్స్ అయింది. ఏడాది తిరక్కుండానే, 2020 సెప్టెంబరులో, అక్కడి క్లిక్స్ దుకాణాల వెబ్‌సైట్లో షాంపూ ప్రకటన. ఆఫ్రికన్ జుట్టు ఫొటో కింద 'పొడిబారి పాడైంది', తెల్లమ్మాయి జుట్టు కింద 'మామూలు'.

చెల్లి: నాకు ఆ 'మామూలు' దగ్గరే మండింది.

అక్క: వాళ్ళకీ మండింది. దుకాణాల ముందు ధర్నాలు చేసి మూయించారు.

చెల్లి: అయితే విగ్గు పెట్టుకోవడం తప్పంటావా?

అక్క: ఛ, అననే. సరదాకి వారానికొకటి మార్చేవాళ్ళున్నారు. ఇంటర్వ్యూకి సొంత జుట్టుతో వెళ్ళాలంటే భయపడి పెట్టుకునేవాళ్ళూ ఉన్నారు. నా బాధంతా వీళ్ళ గురించే.

చెల్లి: గుండు తర్వాత నేనూ నెల రోజులు కాలేజీకి స్కార్ఫ్ కట్టుకెళ్ళా. దేవుడికిచ్చిన జుట్టే, అయినా సిగ్గు.

అక్క: మరి ఎప్పుడు తీశావ్?

చెల్లి: ఉక్కకి తట్టుకోలేక. ధైర్యమొచ్చి కాదే అక్కా, చెమటకి!