బండి ఎవరి చేతికి ఇస్తున్నాం?

సభలోని పెద్దలకు, లారీ యజమానులైన సోదరులకు నమస్కారం.

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు పత్తి, మిర్చి పోటెత్తే నెలల్లో లారీ దొరకడం కన్నా డ్రైవర్ దొరకడం కష్టమని మీకు నేను చెప్పనక్కరలేదు. సరిగ్గా ఆ రోజుల్లోనే, "మన దగ్గర రెండేండ్ల నుంచి క్లీనర్‌గా ఉన్నడు, బండి నడుపుతడు" అన్న ఒక్క మాట మీద పది చక్రాల బండి నిండు లోడుతో రోడ్డెక్కుతుంది.

డ్రైవర్ పనిలో ఉండగా చేసిన తప్పుకు యజమాని పరిహారం చెల్లించాలన్నది పాత సూత్రమే. 1988 నాటి మోటారు వాహనాల చట్టం అంతటితో ఆగక, తగిన లైసెన్సు లేనివారి చేత, వయసు నిండనివారి చేత బండి నడిపించరాదని 5వ సెక్షన్‌లో యజమానినే నేరుగా శాసించింది. రవాణా వాహనానికి ఆ వయసు 20 ఏళ్లు. తప్పితే 180వ సెక్షన్ కింద మూడు నెలల వరకు జైలు, 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. నా దృష్టిలో అది చిన్న భారమే.

పెద్ద భారం బీమా దగ్గర ఉంది. 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, లైసెన్సు లోపం ఉందన్నంత మాత్రాన బీమా కంపెనీ తప్పించుకోలేదని, యజమాని తగిన జాగ్రత్త తీసుకోలేదని కంపెనీయే రుజువు చేయాలని చెప్పింది. అలా రుజువైన కేసుల్లో బాధితులకు ముందు కంపెనీ చేత చెల్లింపజేసి, ఆ సొమ్మును యజమాని నుంచి రాబట్టుకొమ్మని ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్ ఆదేశించవచ్చు. అంటే ఇల్లో, పొలమో అమ్మవలసి వచ్చేది మీరే.

బాధితుల పక్షాన నేను వాదించిన ఒక కేసులో, యజమాని తెచ్చిన లైసెన్సు జిరాక్సు నాలుగు మడతలు పడి, గడువు తేదీ ఉన్నచోటే అరిగిపోయింది. కనబడినంత మేరకు అది కారు నడిపే లైసెన్సు, నడిపింది టిప్పర్‌ను. తేలికపాటి వాహనపు లైసెన్సుతో సరుకు బండి నడపవచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో ఇచ్చిన వెసులుబాటు సైతం లోడుతో కలిపి 7,500 కిలోలు మించని బండ్లకే. "ఒరిజినల్ ఎప్పుడు చూశారు?" అని బీమా కంపెనీ వకీలు అడిగితే ఆ యజమాని తల వంచుకున్నాడు. సైకిల్ మీద ఇంటికి వస్తూ ఆ ప్రమాదంలో చనిపోయిన కూలీ భార్య వెనుక బెంచీ మీద కూర్చుని ఉంది. ఆమె ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది.

చట్టం మిమ్మల్ని అసాధ్యమైనది అడగడం లేదు. డ్రైవర్ చూపిన లైసెన్సు పైకి సక్రమంగా ఉండి, నడిపించి చూసి తృప్తిపడి పనిలో పెట్టుకున్న యజమాని, అది అసలుదో నకిలీదో తేల్చుకోవడానికి రవాణా కార్యాలయాల చుట్టూ తిరగనక్కరలేదని 2003లో లేహ్రూ కేసులో సుప్రీంకోర్టే చెప్పింది. ఇప్పుడు ఆ తిరుగుడు కూడా లేదు. లైసెన్సు నంబరు, పుట్టిన తేదీ ఇస్తే ఏ తరగతి బండికి, ఎప్పటి దాకా చెల్లుతుందో కేంద్ర రవాణా శాఖ వారి పరివాహన్ వెబ్‌సైటులో కనబడుతుంది. దాన్ని ప్రింటు తీసి, చూసిన తేదీ వేసి ఫైలులో పెట్టండి. మునుపటి యజమానికి ఒక్క ఫోన్ చేసి, తాగి నడిపేవాడా, ఎందుకు మానేశాడు అని అడగండి; చెప్పింది కూడా ఆ కాగితం మీదే రాసిపెట్టండి.