ఒలాంజపిన్ రాయాలా, రిస్పెరిడోన్ రాయాలా?

హోస్ట్: డాక్టర్ గారూ, సూటిగా అడిగేస్తాను. చెవిలో ఎవరో మాట్లాడుతున్నారని చెప్పే ఒక కుర్రాణ్ణి ఇంట్లోవాళ్లు తీసుకొచ్చారు. ఒలాంజపిన్, రిస్పెరిడోన్ లాంటి మానసిక జబ్బు మందుల్లో ఏది రాయాలో ఎలా తేల్చుకుంటారు?

డాక్టర్: నిజం చెప్పాలంటే, మిగతావి పనిచేయనప్పుడు ఇచ్చే క్లోజపిన్‌ని పక్కన పెడితే, ఆ మాటలు తగ్గించడంలో మిగతా మందుల మధ్య మరీ అంత తేడా ఉండదండి. ఏది ఏ ఇబ్బంది పెడుతుందన్న దగ్గరే అసలు తేడా. అందుకే ఇంట్లో షుగర్ ఉందా, నిద్ర పడుతోందా, తెల్లారే లేచి పనికి వెళ్లాలా, ఇవి ముందు అడుగుతాను. ఒలాంజపిన్ వేస్తే నిద్ర పడుతుంది, ఇంట్లోవాళ్లు హమ్మయ్య అనుకుంటారు, మూడు నెలలకి ప్యాంట్లు పట్టవు. రిస్పెరిడోన్‌తో ఒళ్లు అంతగా రాదు గానీ చేతులు వణకొచ్చు, ఆడవాళ్లకి నెలసరి ఆగిపోవచ్చు. ఈ రెండోది వాళ్లు సిగ్గుపడి చెప్పరు, మనమే అడగాలి.

హోస్ట్: ఆ వణుక్కేనా ఇంకో మందు కలిపిన బిళ్ల ఇస్తారు?

డాక్టర్: అవును, ట్రైహెక్సీఫెనిడిల్. మన దేశంలో రిస్పెరిడోన్, ఇదీ కలిపి ఒకే బిళ్లలో దొరుకుతాయి. వణుకు రాకముందే అందరికీ ఇవ్వొద్దని డబ్ల్యూహెచ్ఓ అంటుంది, దీనివల్ల నోరెండిపోతుంది, మలబద్ధకం, మతిమరుపు కూడా. కానీ నెలకోసారి రెండు బస్సులు మారి వచ్చే మనిషికి రిస్పెరిడోన్ వల్ల రాత్రిపూట మెడ ఒక పక్కకి బిగుసుకుపోతే ఎక్కడికెళ్తాడు? ఒక్కసారి అలా అయితే ఆ బిళ్ల మళ్లీ ముట్టడు. అందుకని నేనూ రాస్తాను, మూడు నెలలయ్యాక తీసేద్దామని. తర్వాత ఓపీలో వంద మంది మధ్య పాత చీటీ చూసి అదే మళ్లీ రాసేస్తాం. అది మా తప్పే.

హోస్ట్: చెప్పకుండా మందు అన్నంలో కలిపి పెట్టేవాళ్లు కూడా ఉంటారంటారు...

డాక్టర్: బోలెడు మంది. కొడుకు బయట కూర్చున్నప్పుడు తల్లి గొంతు తగ్గించి చెప్తుంది, పప్పులో కలుపుతున్నానండీ అని. ఆవిణ్ణి తిట్టబుద్ధి కాదు. కానీ ఏ రోజో అతనికి తెలిసిపోతే మందుతో పాటు అమ్మ చేతి తిండి కూడా మానేస్తాడు. తెలియకపోతే ఇంకో చిక్కు, మందు లేకుండానే బాగున్నానని నమ్ముతాడు. అందుకే అతన్నే లోపలికి పిలిచి ఇంజెక్షన్ సంగతి అడుగుతాను, ఫ్లూఫెనజిన్ అయితే రెండు నుంచి నాలుగు వారాలకి ఒకటి చాలు. ఒప్పుకునేవాళ్లు మనం అనుకున్నంత తక్కువేం కాదు.

హోస్ట్: మరి క్లోజపిన్?

డాక్టర్: రెండు మందులు సరైన డోసులో ఆరేసి వారాలు వాడినా తగ్గకపోతే అది మొదలెట్టాలి. మేం ఏళ్ల తరబడి వాయిదా వేస్తాం. రక్తంలో రోగాలతో పోరాడే తెల్లకణాలు పడిపోతాయన్న భయం, 1975లో ఫిన్లాండ్‌లో అలాగే కొందరు చనిపోయారు. 12.5 మిల్లీగ్రాములతో మొదలు, ఆ భయం వల్లే తొలి 18 వారాలు వారం వారం రక్తపరీక్ష. ఇంకోటి, బీడీలు. వార్డులో ఉన్నన్నాళ్లూ కాల్చడు, డోసు సరిపోతుంది. ఇంటికెళ్లి రోజుకో కట్ట కాలిస్తే ఆ పొగ వల్ల లివర్ మందుని తొందరగా కరిగించేస్తుంది, మాటలు మళ్లీ మొదలు. నికోటిన్ కాదు, పొగే కారణం.

హోస్ట్: అది కూడా చీటీలో రాస్తారా?

డాక్టర్: రాస్తాను, మందు పేరు కిందే, బీడీలు రోజుకు 20 అని. ఓసారి మందుల షాపతను ఫోన్ చేశాడు, సార్, ఇవి కూడా మేమే ఇవ్వాలా అని.