నాలుగు దుంగలు కట్టేస్తే తెప్ప కాదు

పెద్దలకు, తీరం ఊళ్ల నుంచి వచ్చిన అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు నమస్కారం.

1936లో గంజాం ఒడిశాలో కలిసింది. రాష్ట్రం మారింది గానీ వేట మారలేదు. గోపాల్‌పూర్ నుంచి పూరీ పెంటకోట దాకా ఒడియావాళ్లు నోలియాలనే మనవాళ్లకు ఇంట్లో తెలుగే, ఒడ్డున తెప్పే. ‘నాలుగు దుంగలు కట్టేస్తే తెప్పే కదా, అందులో పనితనం ఏముంది?’ అనేవాళ్లతో నాకు పేచీ ఉంది.

మన దగ్గర కెరటం ఒడ్డునే విరిగిపడుతుంది. మామూలు పడవైతే నాలుగు కెరటాలకే నిండిపోతుంది, నీళ్లు తోడుకుంటూ కూర్చోవాలి. తెప్ప మీద పడ్డ నీళ్లు దుంగల సందుల్లోంచి జారిపోతాయి. తేల్చేది కర్రే. కాబట్టి సగం పని మాను ఎంచుకోవడంలోనే అయిపోతుంది. బూరుగలాంటి తేలిక కర్ర కావాలి. కొట్టిన బూరుగును పచ్చిగా వదిలేస్తే ఇట్టే బూజు పట్టి పాడవుతుంది.

తర్వాత బాడిస పని, అంటే దుంగను చెక్కే పని. నడిమి దుంగలు కిందికి, పక్కవి పైకి, ముక్కు కాస్త లేచి ఉండాలి. చెక్కేవాడు అరచెయ్యి పెట్టి తడుముతాడు, వెనక్కి నడిచి ఒంటికన్నుతో చూస్తాడు, మళ్లీ వచ్చి ఒక్క పెచ్చు లేపుతాడు. పక్కన మనం కబుర్లు చెబితే విసుక్కుంటాడు కూడా! తెప్పను రెండు సగాలుగా చేసి, దించేముందు తాళ్లతో బిగిస్తారు. ఒడ్డుకు రాగానే విప్పేస్తారు. నీళ్లు తాగిన కర్ర ఎండాలి, పైగా సగమైతే భుజాల మీద మోసుకుపోవచ్చు.

గోపాల్‌పూర్‌లో ఓడలు దూరాన లంగరేసిన రోజుల్లో సరుకు మోసిన కుట్టుపడవలదీ ఇదే తెలివి. పలకలను మేకులతో కాక కొబ్బరితాడుతో కుట్టేవారు. ఇసుకకు కొట్టుకున్నా పడవ కాస్త ఊగేది, పగిలేది కాదు.

ఇప్పుడు ఫైబర్ బోట్లు వచ్చాయి. రానివ్వండి, బరువైన వలకు, దూరపు వేటకు అవే నయం. అయితే ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజుల వేట నిషేధంలోనూ ఇంజిన్ లేని సంప్రదాయ తెప్పకు మినహాయింపు ఉంది. ఆ రెండు నెలలూ ఇల్లు గడవాలంటే తెప్ప కావాలి, తెప్పకు మాను కావాలి. తీరం పొడవునా సరుగుడు నాటారు. గాలికి అడ్డుగా మంచిదే, కానీ ఆ బరువు కర్ర తెప్పకు పనికిరాదు. దాని వెనక నాలుగు వరసలు బూరుగ నాటమని పంచాయతీల్లో అడగండి. మ్యూజియంలో తెప్ప పెట్టమనే అర్జీ తర్వాత రాద్దాం.