పరుపు కింద డబ్బు, రేడియోలో ప్రెసిడెంటు

శ్రోతలకు నమస్కారం.

అమెరికా రాజకీయాల్లో గొప్ప ప్రసంగాలు అనగానే గెటిస్‌బర్గ్‌లో లింకన్, వాషింగ్టన్‌లో మార్టిన్ లూథర్ కింగ్ గుర్తొస్తారు. ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ పేరెత్తితే, 1933 మార్చి 4న అధ్యక్షుడిగా ప్రమాణ స్వీకారం చేస్తూ 'మనం భయపడాల్సింది ఒక్క భయానికే' అన్న మాటనే అందరూ చెబుతారు. నన్నడిగితే, ఎనిమిది రోజుల తర్వాత ఆయన రేడియోలో చేసిన చిన్న ప్రసంగమే ఎక్కువ పని చేసింది. పావుగంట కూడా లేదది. చప్పట్లు కొట్టించే వాక్యం వెతికినా దొరకదు.

అప్పటి పరిస్థితి వినండి. మూడేళ్లలో వేల బ్యాంకులు దివాలా తీశాయి. ఉన్నవాటి ముందు జనం బారులు తీరి నోట్లు, బంగారం ఇంటికి పట్టుకుపోతున్నారు. మార్చి 6న రూజ్‌వెల్ట్ దేశంలోని బ్యాంకులన్నిటికీ సెలవు ప్రకటించారు. 9వ తేదీన కాంగ్రెస్, అంటే అక్కడి చట్టసభ, ఒక్కరోజులో అత్యవసర చట్టం చేసింది. ఎంత హడావిడి అంటే, ప్రతినిధుల సభలో బిల్లు కాపీ ఒక్కటే ఉంది. దాన్నే పైకి చదివి వినిపించి ఓటింగ్ పెట్టారు. ఇక సోమవారం 13 నుంచి బ్యాంకులు తెరవడం మొదలవ్వాలి. పొద్దున్నే జనం మళ్లీ డబ్బు తీసుకోవడానికి ఎగబడితే చట్టం ఉండీ లాభం లేదు.

ఆ ముందు రోజు, ఆదివారం రాత్రి పది గంటలకు, ఆయన మైకు ముందు కూర్చున్నారు. బ్యాంకుల గురించి కొద్ది నిమిషాలు మాట్లాడతానంటూ మొదలుపెట్టారు. మీరు బ్యాంకులో వేసిన డబ్బును వాళ్లు బీరువాలో పెట్టి తాళం వేయరు, అప్పులుగా, బాండ్లుగా తిప్పుతారు, చేతిలో ఉంచుకునే నగదు కొంచెమే అని విడమరిచి చెప్పారు. కాబట్టి అందరూ ఒకేసారి వచ్చి అడిగితే ఎంత మంచి బ్యాంకుకైనా ఇవ్వడం సాధ్యం కాదు. ఫిబ్రవరి చివర్లో జరిగింది అదే. కొందరు బ్యాంకర్లు చేతకానివాళ్లో, మోసగాళ్లో అని కూడా మొహమాటం లేకుండా అనేశారు. గంభీరమైన ఉపన్యాస ధోరణి లేదు. తొందరపడకుండా, ఎదురుగా కూర్చున్న మనిషితో మాట్లాడినట్టు మాట్లాడారు.

ఆ ప్రసంగంలో అసలు నేర్పు నాకు ఇంకోచోట కనిపిస్తుంది. బ్యాంకులన్నీ ఒకే రోజు తెరవరు. సోమవారం ఫెడరల్ రిజర్వ్ (అమెరికా కేంద్ర బ్యాంకు వ్యవస్థ) బ్యాంకులున్న 12 నగరాల్లో, మంగళవారం మరికొన్ని నగరాల్లో, బుధవారం నుంచి మిగతా ఊళ్లలో. సోమవారం తమ బ్యాంకు తలుపు మూసి ఉండడం చూస్తే ఎవరికైనా గుండె జారుతుంది. మా బ్యాంకు పోయినట్టే అనుకుంటారు. ఆ టెన్షన్ రాకముందే దానికి జవాబు ఇచ్చేశారు: తర్వాతి రోజుల్లో తెరిచే బ్యాంకుకూ రేపు తెరిచే బ్యాంకుకూ తేడా ఏమీ లేదు అని. అదే నోటితో, ప్రతి బ్యాంకూ తెరుచుకుంటుందని గానీ, ఎవరికీ నష్టం రాదని గానీ మాట ఇవ్వనన్నారు. ఇలా ఇవ్వలేనిదేదో ముందే చెప్పే నాయకులు ఎక్కడైనా తక్కువే కదా! అందుకేనేమో, డబ్బును పరుపు కింద దాచుకోవడం కన్నా తిరిగి తెరిచిన బ్యాంకులో ఉంచడమే భద్రం అన్నప్పుడు జనం నమ్మారు.

నమ్మకం ఒక్క మాటల వల్లే వచ్చిందనుకోకూడదు. ఏ బ్యాంకు నిలబడగలదో చూసి లైసెన్సు ఇచ్చే ఏర్పాటు, అవసరమైతే కొత్త నోట్లు సరఫరా చేసే ఏర్పాటు ఆ చట్టంలో ఉన్నాయి. ఆయన చెప్పడానికి వెనక ఆ దన్ను ఉంది.

సోమవారం బ్యాంకుల ముందు మళ్లీ బారులు కనిపించాయి. ఈసారి చాలామంది వచ్చింది తీసుకోవడానికి కాదు, వేయడానికి. బుధవారం న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్ తెరిస్తే పెద్ద కంపెనీల షేర్ల ధరలను చూపే డౌ జోన్స్ సూచీ ఒక్కరోజులో 15 శాతం పైన లేచింది. నెలాఖరుకి, ఇళ్లకు చేరిన నగదులో చాలా భాగం బ్యాంకులకు తిరిగొచ్చింది.

డిపాజిట్లకు ప్రభుత్వ బీమా అదే ఏడాది జూన్‌లో చట్టమైంది. విచిత్రమేమిటంటే, మొదట్లో రూజ్‌వెల్ట్‌కు అది ఇష్టం లేదు. పట్టుబట్టి సాధించింది కాంగ్రెస్ సభ్యులు. 1934 జనవరి 1 నుంచి ఒక్కో ఖాతాదారుకు 2,500 డాలర్ల వరకు హామీ దొరికింది. మార్చిలో తెరుచుకోకుండా ఉండిపోయిన బ్యాంకుల ఖాతాదారులకు మాత్రం ఆ బీమా అక్కరకు రాలేదు.