చేతిలో ఉన్న పనులు ఎన్ని?

శ్రోతలకు నమస్కారం.

మా బరంపురంలో ఒకే శుభలేఖ మీద ఒడియా, తెలుగు, ఇంగ్లీషు మూడూ ఉండాలని కోరే కుటుంబాలు ఉన్నాయి. పెళ్ళికొడుకుది ఇచ్ఛాపురం, పెళ్ళికూతురిది ఛత్రపురం అయితే ఇక చెప్పనక్కరలేదు. చూడటానికి ఒక్క కాగితమే అయినా, దాని వెనుక మూడు లిపులు, మూడు ప్రూఫులు, వాటిని చదివి సరే అనవలసిన ఇరువైపుల పెద్దలు ఉంటారు. పట్టుచీరల కేటలాగులు, కళాశాలల కరపత్రాలు, దుకాణాల కోసం తీసే చిన్న వీడియోలు కూడా ఇలాంటివే. ఇద్దరు ముగ్గురితో మొదలై ఎనిమిది పదిమంది దాకా పెరుగుతున్న డిజైన్ సంస్థలు ఈ పనులన్నింటినీ ఎలా నడుపుకోవాలన్నదే ఈనాటి ప్రసంగ విషయం. అటువంటి సంస్థలో పదేళ్ళకు పైగా పనిచేసిన అనుభవంతో ఈ మాటలు చెబుతున్నాను.

ముగ్గురే ఉన్నప్పుడు ప్రత్యేకమైన పద్ధతులేవీ అక్కరలేదు. ఒకే గదిలో కూర్చుంటారు కనుక, ఖాతాదారు ఒకరికి ఫోనులో చెప్పిన మాట మిగిలిన ఇద్దరి చెవినా పడుతుంది. ఆ ముగ్గురి మధ్య జంటలను లెక్కపెడితే మూడే వస్తాయి. అయిదుగురైతే 10, ఎనిమిదిమంది అయితే 28. మనుషులు మూడింతలైనా కాకముందే, మాట చేరవలసిన దారులు తొమ్మిదింతలు దాటిపోతాయి. అయినా మనం 'అందరికీ తెలుసులే' అనే అనుకుంటూ ఉంటాం. ఆ మాట ఏనాటి నుంచి నిజం కాకుండా పోయిందో, ఏదో ఒక నష్టం జరిగేదాకా తెలియదు.

మాకు అది ఒక ఉగాది ముందు తెలిసింది. ఒక బట్టల దుకాణం కరపత్రంలో తెలుగు భాగాన్ని తండ్రిగారు చూశారు, ఒడియా భాగాన్ని కుమారుడు చూశారు. మారిన ఫోను నంబరును కుమారుడు మా దగ్గర పనిచేసే ఒక అబ్బాయికి వాట్సాప్‌లో పంపితే, అతడు ఒడియా భాగంలో దిద్ది, తన వంతు పూర్తయిందనుకున్నాడు. తెలుగు భాగంలో పాత నంబరు అలాగే ఉండిపోయింది. నాలుగు రంగుల ఆఫ్‌సెట్ అచ్చులో రంగుకొక ప్లేటు తయారవుతుంది. ఒక్క అంకె మార్చాలన్నా నలుపు ప్లేటునైనా మళ్ళీ చేయించక తప్పదు, అప్పటికే అచ్చయిన కాగితమంతా తూకానికి పోవలసిందే. ఆ ఖర్చు మేమే భరించాం. అబ్బాయిని కోప్పడినందుకు నేను ఇప్పటికీ బాధపడుతున్నాను, ఎందుకంటే చివరి మాట ఎవరిదని ఆ ఇంటివారిని ముందుగా అడగవలసినది నేను.

అప్పటి నుంచి ప్రతి పనికీ ఒక కాగితం రాసుకుంటున్నాం. ఏ భాషల్లో, ఏ కొలతలో కావాలి, రుసుములో ఎన్ని విడతల దిద్దుబాట్లు కలిసి ఉన్నాయి, సంతకం చేసేది ఎవరు అన్నవి అందులో ఉంటాయి. చివరిదే అన్నింటికన్నా ముఖ్యమైనది, అడగటానికి అన్నింటికన్నా కష్టమైనది కూడా. తండ్రీకొడుకులు, అన్నదమ్ములు కలిసి నడిపే దుకాణానికి వెళ్ళి 'మీలో ఎవరి మాట చెల్లుతుంది' అని అడగటం మర్యాద కాదు. అందువల్ల 'ప్రూఫు ఎవరికి తెచ్చి చూపించమంటారండీ' అని అడుగుతాం. దాదాపు ప్రతిసారీ వారే ఒక పేరు చెబుతారు, ఆ పేరు కాగితం మీదికి ఎక్కుతుంది.

ఇంతకన్నా పెద్ద చిక్కు మరొకటి ఉంది. ఉగాది, ఏప్రిల్ 14 ప్రాంతంలో ఒడియా వారి పణా సంక్రాంతి, వేసవి ముహూర్తాలు, రెండేళ్ళకొకసారి మా ఊరి అమ్మవారు బుఢీ ఠాకురాణీ యాత్ర వచ్చిపడే కాలంలో, వచ్చిన పనినల్లా ఒప్పుకోవాలనే అనిపిస్తుంది. కాదంటే ఖాతాదారు మరొకచోటికి పోతాడేమోనన్న భయం చిన్న సంస్థకు సహజమైనదే. అయితే జాన్ లిటిల్ అనే అమెరికన్ ఆచార్యుడు 1961లో గణితపరంగా నిరూపించిన ఒక సూత్రం ఉంది: చేతిలో ఉన్న పనుల సగటు సంఖ్యను, వారానికి పూర్తయ్యే పనుల సంఖ్యతో భాగిస్తే, ఒక పని మన దగ్గర సగటున ఎన్ని వారాలు ఉంటుందో వస్తుంది. వారానికి మూడు పూర్తిచేసే సంస్థ చేతిలో 12 ఉంటే నాలుగు వారాలు. అదే సంస్థ 18 పెట్టుకుంటే ఆరు వారాలు. అంటే కొత్తగా ఒప్పుకున్న ఆరు పనుల భారం, పండుగ నాటికి అందుతుందని నమ్మి ముందే అడ్వాన్సు ఇచ్చినవారి మీద పడుతుంది. ఇది నాకు అన్యాయంగా తోచింది.

అటువంటప్పుడు ఇంకొకరిని పనిలో పెట్టుకుంటే సరిపోదా అంటారు. రద్దీ మధ్యలో వచ్చిన కొత్తవారికి నేర్పేది పాతవారే, ఆ నేర్పే గంటలు కూడా పనిలోంచే పోతాయి. మా రంగంలో అక్షరాల చిక్కు వేరే ఉంది. తెలుగుకు అను ఫాంట్లు, ఒడియాకు ఆకృతి ఫాంట్లు వాడి చేసిన పాత ఫైళ్ళు, ఆ ఫాంట్లు లేని కంప్యూటరులో తెరిస్తే అక్షరాలు గుర్తుపట్టలేనంతగా మారిపోతాయి. ఫోన్లలో, ఇంటర్నెట్‌లో వాడే యూనికోడ్ అక్షరాల్లో వచ్చిన పాఠాన్ని ఆ ఫాంట్లలోకి మార్చేటప్పుడు ఒత్తులు, గుణింతాలు తప్పుతాయి. ఒడియా చదవలేని తెలుగు కుర్రవాడికి, తెలుగు చదవలేని ఒడియా అమ్మాయికి ఆ తప్పు కనిపించనే కనిపించదు. కాబట్టి మనుషులను తీసుకునేది రద్దీ లేని నెలల్లోనే కావాలి.

డబ్బు సంగతి ఒక్క మాటలో చెబుతాను. సగం అడ్వాన్సు లేనిదే మేము పని మొదలుపెట్టం. నమోదైన సూక్ష్మ, చిన్న సంస్థలకు కొనుగోలుదారు చెల్లించే గడువు, రాతపూర్వక ఒప్పందం ఉన్నా సరే, 45 రోజులు మించరాదని 2006 నాటి చట్టం చెబుతోంది. అటువంటి సంస్థల కోసం ప్రభుత్వం నడిపే ఉద్యమ్ పోర్టల్‌లో నమోదు చేసుకోని వారు వెంటనే చేసుకోవడం మంచిది.

ఇప్పుడు మా గోడకు ఒక బోర్డు ఉంది. పని ఒక్కింటికి ఒక చీటీ. మొదలుకానివి, నడుస్తున్నవి, ఖాతాదారు దగ్గర ప్రూఫులో ఉన్నవి, అచ్చుకు వెళ్ళినవి అని నాలుగు వరుసలు. సోమవారం ఉదయం అందరం దాని ముందు నిలబడి, వారం రోజులుగా కదలని చీటీలను మాత్రమే చదువుతాం. అవి ఎక్కువగా మూడో వరుసలోనే ఉంటాయి, వాటికి కావలసింది ఒక ఫోను. నడుస్తున్న వరుసలో తొమ్మిది చీటీలకే చోటుంది. పదో పని తెచ్చినవారికి కాదని చెప్పం. 'మీ పని ఈ నెల 22న మొదలవుతుందండీ, ఆగగలరా' అని తేదీతో సహా అడుగుతాం. కొందరు వెళ్ళిపోతారు. ఆగినవారి చీటీ మీద ఆ తేదీ ఎర్ర సిరాతో రాసి, మొదటి వరుసలో అంటిస్తాం.